చివరి పది శాతం

‘నాటు నాటు’ పాట సాహిత్యంలో 90 శాతం సగం రోజులో తయారైంది. మిగిలిన 10 శాతానికి 19 నెలలు పట్టింది. పాట రాసిన చంద్రబోస్ స్వయంగా చెప్పిన లెక్క ఇది. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు ఈ సంగతిని అందరూ ఒక విశేషంగా చెప్పుకుని ఊరుకున్నారు. నిజానికి ఆగి ఆలోచించాల్సిన మాట అది. ఆ 19 నెలలూ ఆయన రోజూ అదే పాట ముందు కూర్చున్నారని అనుకోనక్కర్లేదు. అయినా చేయి తిరిగిన కవి, పక్కన కీరవాణి, పైన రాజమౌళి, వెనక అంత పెద్ద నిర్మాణం ఉన్నచోటే చివరి ముక్క అంత కాలం తీసుకుంది. మరి పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రిపూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగు పాటల ఆల్బమ్ కట్టుకుంటున్న కుర్రవాడి సంగతేమిటి? పల్లవి దొరికిన రాత్రి వాడికి నిద్ర పట్టదు. రెండో చరణం, మిక్సింగ్, మాస్టరింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఫైలు తెరవాలంటేనే చేయి రాదు.

ఇలా ఆగినవాళ్లకు మన దగ్గర ఒక బిరుదు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ఆరంభశూరులు. అసలు మొదలే పెట్టనివాళ్లు, అడ్డంకి రాగానే వదిలేసేవాళ్లు, ఎన్ని విఘ్నాలొచ్చినా ముగించేవాళ్లు అంటూ మనుషుల్ని మూడు తరగతులు చేసిన భర్తృహరి సుభాషితం, ఏనుగు లక్ష్మణకవి తెనుగు చేసిన రూపంలో, బళ్లో చదువుకోని తరం లేదు. పద్యం గొప్పదే. కానీ దాన్ని మనం వాడే తీరులో తప్పంతా మనిషి గుణం మీద పడుతుంది. పని చివర్లో ఆగితే పట్టుదల లేదన్నమాట, అంతే. సంగీతం విషయంలో ఈ తీర్పు తప్పని నా వాదన. చివరి దశలో ఉత్సాహం అడుగంటడానికి కారణం మనిషిలో కన్నా పనిలోనే ఎక్కువగా ఉంది. అక్కడికి చేరేసరికి పని స్వభావమే మారిపోతుంది. మొదట్లో నడిపించిన ఉత్సాహం కోసం అక్కడ ఎదురుచూడటం దండగ. ఆ దశను దాటించేవి వేరే ఉన్నాయి.

మామూలు పనుల్లో జరిగేది దీనికి తలకిందులు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త క్లార్క్ హల్ 1930లలో ఎలుకల పరుగు మీద ప్రయోగాలు చేశాడు. తిండి ఉన్న చోటు దగ్గరపడేకొద్దీ ఎలుకలు వేగం పెంచాయి. గమ్యం చేరువైతే ఊపు పెరుగుతుందన్న ఈ సూత్రం తర్వాత మనుషులకూ చాలావరకు వర్తించింది. కొండ మెట్లెక్కేవారికి పైన గోపురం కనిపించగానే కాళ్లకు బలం రావడం మనం ఎరిగినదే. మరి పాట కట్టేవాడికి ఆ ఊపు ఎందుకు రాదు? అతనికి గోపురం కనిపించదు కాబట్టి. ఎలుకకు తిండి ఎక్కడుందో తెలుసు. పాట ఎక్కడ పూర్తవుతుందో ఎవరూ గీత గీసి పెట్టలేదు. గొంతు ఇంకొంచెం పైకి తేవచ్చు, మృదంగం ఇంకొంచెం తగ్గించవచ్చు, రెండో చరణం ముందు వీణ బిట్ ఉంచవచ్చు, తీసేయవచ్చు. ఇది అయిపోయిందని చెప్పాల్సింది మళ్లీ తనే.

మొదటి దశలో ప్రతి రోజూ ఏదో ఒకటి కొత్తగా వచ్చి చేరుతుంది. చివరి దశలో ప్రతి రోజూ ఏదో ఒకటి పోతుంది. మూడు ట్యూన్లలో ఒకటి ఉంచితే రెండు పోయినట్టే. దీనికి నాకు తెలిసిన అత్యంత బాధాకరమైన ఉదాహరణ అమెరికన్ రాక్ బృందం బీచ్ బాయ్స్‌కు చెందిన బ్రయన్ విల్సన్‌ది. 1966లో ఆయన ‘స్మైల్’ అనే ఆల్బమ్ మొదలుపెట్టాడు. పాటను మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయకుండా ముక్కలు ముక్కలుగా చేసి, ఆ తర్వాత అతికించే పద్ధతి ఆయనది. ‘గుడ్ వైబ్రేషన్స్’ పాట అలాగే పుట్టి, ప్రపంచాన్ని ఊపేసింది. ఒక్క పాటకు చెల్లిన ఆ పద్ధతి ఆల్బమంతటికీ పరుచుకునేసరికి, ఏ ముక్క దేని పక్కన పెట్టాలన్నది తేలని చిక్కుముడి అయింది. గంటల కొద్దీ అద్భుతమైన టేపు పోగుపడింది. 1967లో ఆల్బమ్ ఆగిపోయింది. ఆయన మానసిక ఆరోగ్యం, బృందంలో అభిప్రాయభేదాలు, రికార్డు కంపెనీతో వ్యాజ్యం కూడా అందుకు కారణాలే, కాదనను. కానీ సృష్టించే శక్తి తగ్గి ఆగిపోయిందని ఆ టేపులు విన్నవారెవరూ అనలేరు. కొరత పడింది కూర్పు దగ్గర.

ఈ భారం మన కాలంలో మరింత పెరిగిందని గుర్తించాలి. మద్రాసు స్టూడియోల్లో మన పాత పాటలు తయారైన రోజుల్లో గాయకులు, వయొలిన్ల బృందం, తబలా, వేణువు అందరూ ఒకేసారి పాడి వాయించాల్సిందే. ఏ వాద్యం ఎంత వినబడాలో రిహార్సల్‌లోనే తేల్చుకునేవారు. టేక్ ఓకే అన్నారంటే పాట దాదాపు పూర్తయినట్టే. 1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ చేసిన యంత్రానికి ఉన్నవి నాలుగే ట్రాకులు. నాలుగూ నిండితే వాటిని కలిపేసి చోటు చేసుకోవాలి. కలిపాక విడదీయడం కుదరదు. అంటే నిర్ణయాలు దారి పొడవునా జరుగుతూ వచ్చేవి. ఇవాళ లాప్‌టాప్‌లో వందల ట్రాకులు పెట్టుకోవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి వెళ్లవచ్చు. ఇది గొప్ప వరమే. కానీ ఎప్పటికప్పుడు తేల్చుకోవాల్సిన పనంతా వాయిదా పడి పడి, చివరి నెలలో ఒక్కసారిగా ఒక్కరి నెత్తిన కూలబడుతుంది. ఒకప్పుడు స్టూడియో నిండా మనుషులు పంచుకున్న నిర్ణయాలు ఇప్పుడు పడకగదిలో ఒంటరిగా కూర్చున్న మనిషివి. అతను నీరసిస్తే సోమరి అనడం అన్యాయం.

పైగా అతని చెవి కూడా అతన్ని మోసం చేస్తుంది. గంటల తరబడి పెద్ద శబ్దంలో వింటే చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది. అందుకే అనుభవం ఉన్న సౌండ్ ఇంజినీర్లు శబ్దం తగ్గించి పనిచేస్తారు, మధ్యమధ్యలో లేచి బయటికి వెళ్తారు. ఒక మాటను యాభైసార్లు పైకి అంటే ఆ మాటకు అర్థం ఇంకిపోయినట్టే, నాలుగు వందలసార్లు విన్న పల్లవిలోనూ రసం ఇంకిపోతుంది. పాట చెడిపోలేదు, విని విని విసుగొచ్చిందంతే. ఈ రెంటికీ తేడా తెలియని స్థితిలోనే చాలామంది మంచి పాటను చెత్తబుట్టలో వేస్తారు. 1975లో అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆ అంచు దాకా వెళ్లాడు. ‘బోర్న్ టు రన్’ ఆల్బమ్‌కు పేరిచ్చిన ఒక్క పాటకే ఆరు నెలలు పట్టింది. మరో పాటలో శాక్సఫోన్ భాగం కోసం ఆయన, దాన్ని వాయించే క్లారెన్స్ క్లెమన్స్ కలిసి 16 గంటలు కూర్చున్నారు. అన్నీ అయ్యాక తుది రూపం ముద్రించిన డిస్కు విని, అది ఆయనకు ఎంత అసహ్యమనిపించిందంటే, తీసుకెళ్లి హోటల్ ఈతకొలనులో పారేశాడు. మొత్తం వదిలేద్దామన్నాడు. సహనిర్మాత జాన్ లాండౌ నచ్చజెప్పి ఆపాడు. ఆగస్టు 25న విడుదలైంది. రాక్ సంగీతంలో మేటి ఆల్బమ్‌ల పట్టికల్లో అది నేటికీ ఉంటుంది. ఆ రోజు దాన్ని నిలబెట్టింది స్ప్రింగ్‌స్టీన్ ఉత్సాహం కాదు. అది అప్పటికే సున్నా. నిలబెట్టింది అలసిపోని ఇంకొకరి చెవి.

బ్రయన్ విల్సన్ కథకు ముగింపు కూడా అదే చెబుతుంది. 2003లో ఆయన బృందంలోని సంగీతకారుడు డేరియన్ సహనాజా ఆ పాత ముక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, పక్కన కూర్చుని ఒక్కొక్కటీ వినిపించాడు. నాటి గీత రచయిత వాన్ డైక్ పార్క్స్‌ను పిలిచి మిగిలిన సాహిత్యం పూర్తి చేయించుకున్నారు. కచేరీ జరిపి తీరాలని ముందే ప్రకటించారు కూడా. 2004 ఫిబ్రవరి 20న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో ‘స్మైల్’ మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా వినబడింది. 37 ఏళ్లు కదలనిది ఏడాదిలోపే కదిలింది. విల్సన్‌కు యవ్వనపు ఉత్సాహం తిరిగి వచ్చిందా? లేదు. ఒక తేదీ వచ్చింది, పక్కన మనుషులు వచ్చారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. కళకు తేదీ పెట్టడం అపచారం కాదా? జర్మన్ స్వరకర్త బ్రామ్స్ తన మొదటి సింఫనీకి రెండు దశాబ్దాలు తీసుకున్నాడు కదా? 1862లోనే మొదటి భాగాన్ని మిత్రురాలు క్లారా షూమన్‌కు చూపించినవాడు, 1876 నవంబరు 4న కార్ల్స్‌రూహెలో గానీ దాన్ని లోకానికి వినిపించలేదు. తొందరపెట్టి ఉంటే ఆ కృతి మనకు దక్కేదా? బహుశా దక్కేది కాదు. కానీ ఆ మధ్యలో బ్రామ్స్ ఏం చేశాడో చూడాలి. 1868లో ‘జర్మన్ రెక్వియమ్’ ముగించాడు. 1873లో ‘హైడన్ బాణీ మీద వేరియేషన్స్’ అనే కృతి ముగించాడు. ముగించడం తెలిసినవాడు ఒక్క పనిని పక్కన మాగనిచ్చాడు. తొలి ప్రదర్శన తర్వాత కూడా రెండో భాగాన్ని మార్చి, 1877లో అచ్చు వేయించాడు. అంటే పూర్తిగా తృప్తి కలిగాక వినిపించలేదు, వినిపించి మళ్లీ దిద్దుకున్నాడు. బ్రామ్స్ పేరు చెప్పుకుని పదేళ్లుగా ఒకే పాట మీద కూర్చున్నవాళ్లు ఈ సగం కథ కూడా చదవాలి.

మన సినిమా రంగం నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా బలమైనది. విడుదల తేదీ తరుముకొస్తుంటే రీరికార్డింగ్ చివరి రోజుల్లో రాత్రింబవళ్లు హడావిడిగా చుట్టేయడం, నేపథ్య సంగీతం నాసిగా రావడం ప్రేక్షకులకు తెలిసిన బాధే. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అక్కడ జరుగుతున్న తప్పు వేరు. పుట్టించడానికి ఇవ్వాల్సిన కాలాన్ని కూడా ఆ తేదీ మింగేస్తోంది. ట్యూన్ పుట్టడానికి గడువు పెట్టకూడదు, పుట్టిన ట్యూన్లలో ఒకటి ఎంచుకోవడానికి పెట్టాలి. ఈ రెండు దశలనూ కలగాపులగం చేస్తే తేదీ ప్రాణాంతకమవుతుంది, విడదీస్తే ఆసరా అవుతుంది.

అసలు అన్నీ పూర్తి చేయాలని ఎక్కడుందని అడగవచ్చు. 1822లో రెండు భాగాలు రాసి స్వరకర్త షూబర్ట్ వదిలేసిన సింఫనీ ‘అసంపూర్ణ’ అనే పేరుతోనే అమరమైంది. వదిలేయడం కూడా కొన్నిసార్లు సరైన నిర్ణయమే. కానీ ఆ రెండు భాగాలు ఆయన బతికి ఉండగా ఎవరూ కచేరీలో వినలేదు. ఒక మిత్రుడి దగ్గర కాగితాలుగా పడి ఉండి, ఆయన పోయిన 37 ఏళ్లకు, 1865లో వియన్నాలో తొలిసారి మోగాయి. దొరకబట్టి సరిపోయింది. వదిలేయాలనుకుంటే వదిలేయండి, అయితే ఆ తీర్పు నాలుగు వందలోసారి విన్న రాత్రి రాయకూడదు. కొన్నాళ్లు ఫైలు మూసి పెట్టి, ఆ పాటను ఒక్కసారీ వినని మనిషికి వినిపించాక రాయాలి.

మీ కంప్యూటర్‌లో అలాంటి పాట ఒకటి సగం మిక్స్‌లో ఆగి ఉంటే, ఉత్సాహం తిరిగి వస్తుందని కాచుకుని కూర్చోకండి. సంగీతం తెలిసిన ఒక స్నేహితుణ్ణి ఈ వారంలోనే పిలవండి. పాట వినిపించండి, ఏది ఉంచాలో ఏది తీయాలో అతనితో కలిసి కాగితం మీద రాసుకోండి, విడుదల చేసే తేదీ అతనికి చెప్పండి.