హాంబర్గ్‌లో ఆ రాత్రి, మా గదిలో ఈ శుక్రవారం

కువైట్‌లో శుక్రవారం ఎలా గడుస్తుందో మనోళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున బట్టలు ఉతుక్కోవడం, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం ఇంటికి ఫోను. మా గదిలో ఆరుగురం. ఇద్దరం కడప జిల్లా, ముగ్గురు గోదావరి జిల్లాలవాళ్లు, ఒకాయనది నిజామాబాద్. ఇంగ్లీషు పాటలు వినే అలవాటు మాలో ఒక్కరికీ లేదు. అలాంటిది మూణ్ణెల్లుగా శుక్రవారం సాయంత్రమైతే చాలు, అమెరికా బ్యాండొకటి జర్మనీలో వాయించిన సీడీ పెట్టుకుని కూర్చుంటున్నాం!

ఇది మా చేతికి రావడం కూడా చిత్రమే. మాలో హౌస్ డ్రైవర్‌గా పనిచేసే అన్న ఒకాయన ఉన్నాడు. ఉద్యోగం అయిపోయి దేశం వదిలి వెళ్తున్న ఇంజనీరు సామాను పారేస్తుంటే, ఆ అట్టపెట్టెలోంచి దీన్ని ఏరుకొచ్చాడు. పాటల కోసం కాదు, అట్ట మీద బొమ్మ కోసం. సముద్రపు ఒడ్డున కొండంత నూలు ఉండ. పింక్ ఫ్లాయిడ్ బ్యాండు ఆల్బమ్‌లకు అట్టలు రూపొందించిన స్టార్మ్ థోర్గర్సన్ చేసిన బొమ్మ అట. ఆల్బమ్ పేరు 'స్లిప్ స్టిచ్ అండ్ పాస్'. స్వెటర్లు అల్లేవాళ్ల మాటల్లా ఉంటాయివి. బ్యాండు పేరు ఫిష్. చేపకు రాసే స్పెల్లింగు కాదు, పీ హెచ్‌తో మొదలవుతుంది.

మొదటిసారి విన్నప్పుడు మాకేమీ ఎక్కలేదు. 'పాట ఎప్పుడు అయిపోతుందిరా నాయనా' అన్నాడు నిజామాబాద్ తమ్ముడు. ఒక్కో పాట పది నిమిషాలు దాటిపోతోంది. మాటలు కొన్నే, మిగతాదంతా వాయింపే. కానీ రెండో వారం మళ్లీ పెట్టమని అడిగింది కూడా అతనే.

ఈ బ్యాండు సంగతి కొంచెం చెప్పాలి. 1983లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో యూనివర్సిటీ కుర్రాళ్లు మొదలుపెట్టారు. గిటారు ట్రే అనస్టాసియో, బేస్ గిటారు మైక్ గోర్డన్, డ్రమ్స్ జాన్ ఫిష్‌మన్. కీబోర్డు వాయించే పేజ్ మెక్‌కానెల్ 1985లో చేరాడు. ఇప్పటికీ ఆ నలుగురే. డ్రమ్స్ వాయించే ఫిష్‌మన్ ఆడవాళ్ల గౌను లాంటిది వేసుకుని స్టేజీ ఎక్కుతాడు, అప్పుడప్పుడు వాక్యూమ్ క్లీనర్ గొట్టం నోట్లో పెట్టుకుని దాంతోనూ సంగీతం చేస్తాడు. (ఈ సీడీలో అది లేదు. రోజూ పది గదుల్లో అదే మెషిన్ లాగే మా గోదావరి తమ్ముడికి ఈ మాట చెబితే అరగంట నవ్వాడు.)

1996 ఆగస్టులో వీళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో మూతపడిన ఒక వైమానిక స్థావరంలో రెండు రోజులు కచేరీ పెడితే సుమారు 70 వేల మంది వచ్చారు. ఆరు నెలలు తిరిగేసరికి, 1997 మార్చి 1న, అదే నలుగురు హాంబర్గ్ పెద్ద రైల్వే స్టేషన్ దగ్గర మార్క్‌థాలే అనే హాలులో నిలబడి ఉన్నారు. పేరుకు తగ్గట్టే అది ఒకప్పటి మార్కెట్ కట్టడం. వెయ్యి మంది పడితే నిండిపోతుంది. యూరప్‌లో వీళ్ల పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఊళ్లో పెద్ద మేస్త్రీగా పేరున్న మనిషి ఇక్కడికొచ్చి మొదటి రోజు హెల్పరుగా సిమెంటు మోసినట్టు! మేము ఆ సీడీకి దగ్గరవడానికి సగం కారణం ఇదే అనుకుంటాం.

హాంబర్గ్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. ప్రపంచమంతా తెలిసిన బీటిల్స్ కూడా 1960లో ఆ ఊరికి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లే. చిన్న చిన్న క్లబ్బుల్లో రాత్రికి నాలుగు నుంచి ఆరు గంటలు వాయించేవారు. జార్జ్ హారిసన్‌కు వయసు చాలదని తేలి ఆ నవంబరులో దేశం నుంచి పంపించేశారు. అప్పటికి అతనికి 17 ఏళ్లే. ఆ తర్వాత కొద్ది రోజులకే మరో ఇద్దర్నీ పంపేశారు. 1961లో మళ్లీ వెళ్లారు. డిపోర్ట్ అన్న మాట ఎంత బరువో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఒకరు చెప్పాలా!

ఇక వాయింపు సంగతి. ఇలాంటివాళ్లను జామ్ బ్యాండ్ అంటారు. పాటను ఒక గట్టు వరకు తీసుకెళ్లి, అక్కణ్నుంచి అప్పటికప్పుడు తోచిన దారిలో పోతారు. ఒకరు ఒక ముక్క వాయిస్తే ఇంకొకరు దాన్ని అందుకుని తిప్పుతారు. మనకు కొత్తేమీ కాదిది. ఊళ్లో పౌరాణిక నాటకం వేస్తే పద్యం నాలుగు పాదాలే, రాగం మాత్రం పది నిమిషాలు. జనం 'వన్స్ మోర్' అంటే మళ్లీ మొదటికి. హార్మోనియం ఆయనకు రాగం ఎటు పోతుందో ముందే తెలిసేది కాదు, అయినా వదిలేవాడు కాదు. మా కడప వైపు చెక్క భజనలోనూ అంతే. గురువు కాలు మారిస్తే ఇరవై మంది కాళ్లు మారాలి.

'వుల్ఫ్‌మన్స్ బ్రదర్' అనే పాట 1994లో వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లో నాలుగైదు నిమిషాలదే. హాంబర్గ్‌లో అది పద్నాలుగు నిమిషాలు నడిచింది. మధ్యలో గిటారు వెనక్కి తగ్గిపోతుంది. బేస్, డ్రమ్స్ మాత్రం నిదానంగా, బరువుగా నడుస్తుంటాయి, బండెడ్లు గట్టు ఎక్కుతున్నట్టు. ఎవరూ గొప్ప చూపించుకోరు. అంతకుముందు ఈ బ్యాండులో గిటారు మెరుపులే ఎక్కువ వినపడేవి. నలుగురూ సమానంగా నడిచే ఈ కొత్త పద్ధతి ఆ 1997లోనే బలపడింది. అభిమానులు ఈ రాత్రిని ఒక మలుపుగా చెప్పుకుంటారు. మాకైతే ఆ పద్నాలుగు నిమిషాలే మొత్తం సీడీ. మిగతావాటిలో జీజీ టాప్ బ్యాండు నుంచి తీసుకున్న బ్లూస్ పాట బాగుంది. ఒకటి రెండు మాకు ఇంకా ఎక్కలేదు.

సీడీ మొదలయ్యేది టాకింగ్ హెడ్స్ అనే బ్యాండు పాత పాటతో. బతకడానికి ఏ ఊరు బాగుంటుందా అని ఊళ్లు వెతుక్కునే మనిషి పాట అది. చివరి నుంచి రెండోది ఇంకా చిత్రం. 1899 నాటి పాట. వాయిద్యాల్లేకుండా నలుగురూ గొంతులు కలిపి పాడతారు. అందులో ప్రియురాలు అతనికి టెలిఫోనులో గొంతుగానే తెలుసు, చూసింది లేదు. డ్రైవర్ అన్న దీని అర్థం అడిగి తెలుసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆయన రెండో కూతురు పుట్టి పద్నాలుగు నెలలు. వీడియోలో చూడటమేగానీ ఎత్తుకున్నది లేదు.

ఈ బ్యాండు కచేరీలను వచ్చినవాళ్లు టేపు చేసుకోవచ్చు, ఒకరికొకరు పంచుకోవచ్చు. అమ్ముకోకూడదు, అంతే. ఆ సంగతి విన్నాకే మా గదిలో పెద్దాయన తన ట్రంకుపెట్టె తీశాడు.

కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు తెలియకపోవచ్చు. ఫోను నిమిషానికి ఒళ్లు మండే రోజుల్లో మనోళ్లు క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి ఊరెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. అటు నుంచీ అలాగే వచ్చేవి. పెద్దాయన దగ్గర అలాంటివి మూడున్నాయి. ఒకదాంట్లో వాళ్ల నాయన మాటలు, ఆ వెనకే రామాలయం దగ్గర చెక్క భజన. నాయన పోయి పందొమ్మిదేళ్లు. టేప్ రికార్డర్ పాడయ్యాక ఆ క్యాసెట్ వినే దారి లేక అలాగే దాచుకున్నాడు.

ఎక్కడెక్కడో అడిగి పాత టేప్ రికార్డర్ ఒకటి తెచ్చాం. తెచ్చిన ఉత్సాహంలో నేరుగా క్యాసెట్ పెట్టి నొక్కాం. ఎనిమిది నిమిషాలు పాడి, టేపును నమిలేసింది! తీసి చూస్తే ముడతలు పడి తెగింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మా తప్పు మీరు చేయకండి. పాత క్యాసెట్ దొరికితే ముందు పెన్సిలు పెట్టి అటూ ఇటూ ఒకసారి మెల్లగా తిప్పండి, టేపు వదులవుతుంది. టేప్ రికార్డర్ హెడ్‌ను, రబ్బరు చక్రాన్ని స్పిరిట్ తడిపిన దూదితో తుడవండి. పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి చూడండి. అసలుది పెట్టేటప్పుడు మొదటిసారే ఫోనులో రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి. రెండోసారి దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందులో పిల్లల ఏడుపు, కోడి కూత ఉన్నా తీసేయకండి. హాంబర్గ్ సీడీలో జనం కేకలు లేకపోతే అది వట్టి సీడీనే.

తెగినచోట సన్న టేపు ముక్కతో అతికించాం. రెండు మూడు క్షణాలు పోయాయి. మిగతాది గత శుక్రవారం ఫోనులోకి ఎక్కింది. నాయన వానల గురించి, వేరుశనగ గురించి, అమ్మిన ఎద్దు గురించి చెబుతాడు. తర్వాత భజన మొదలవుతుంది. తాళం పెరిగేకొద్దీ ఎవరో 'అబ్బీ, మెల్లగా' అని కేకేస్తారు. 'అది మా చిన్నాయన' అన్నాడు పెద్దాయన. ఆ పక్కనే నిజామాబాద్ తమ్ముడు అన్నం గిన్నె మీద తాళం వేస్తున్నాడు. బాత్‌రూమ్ దగ్గర వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. అదీ రికార్డింగ్‌లో పడింది.