ముప్ఫై ఏళ్లుగా మారని డబ్బా

1981లో ఐబీఎం తన మొదటి పీసీని బజారులోకి తెచ్చినప్పుడు అందులోని పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లు. ప్రాసెసర్ మీద హీట్‌సింక్ కూడా ఉండేది కాదు, దాని అవసరమే పడలేదు. 2022లో గేమింగ్ కోసం వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్ల దాకా లాగుతుంది. లాగిన కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. ఆ వేడిని బయటికి పంపే తంటాల్లోంచే మనం చూసే క్యాబినెట్లు పుట్టాయి.

ఆ తొలి పీసీ వెడల్పాటి రేకు డబ్బా. టేబుల్ మీద పడుకుని ఉండేది, నెత్తిన మానిటర్‌ను మోసేది. టేబుల్ మీద చోటు చాలక డబ్బాను నిలబెట్టి కిందికి దించారు. 1987లో ఐబీఎం పీఎస్/2 మోడల్ 60 నేల మీద నిలబడే టవర్‌గానే వచ్చింది. దీనివల్ల ఒక ఇబ్బంది కూడా వచ్చిపడింది. పడుకున్న డబ్బాలో నిటారుగా నిలిచే కార్డులు టవర్‌లో అడ్డంగా వేలాడాల్సి వచ్చింది. అప్పటి కార్డులు తేలిక కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు రెండు కిలోల గ్రాఫిక్స్ కార్డు బిగిస్తే కొస వంగి కిందికి జారుతుంది, దాని కింద ఓ చిన్న ఊతకర్ర పెట్టాల్సిందే.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చింది. ప్రాసెసర్, కార్డులు కూర్చునే మదర్‌బోర్డు కొలత 305 × 244 మిల్లీమీటర్లు. స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో, వెనక పోర్టుల కిటికీ ఎంత ఉండాలో కూడా రాసిపెట్టింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక షాపులో బోర్డు, ఇంకో షాపులో క్యాబినెట్ కొని, మరొకరి చేత బిగించుకున్నా అన్నీ అతికినట్టు సరిపోయేది ఈ కొలతల పుణ్యానే. ఆ తర్వాత తన పెంటియం 4 ప్రాసెసర్ల వేడికి తాళలేక ఇంటెల్లే బీటీఎక్స్ అని కొత్త అమరిక ప్రతిపాదించింది. ముందునుంచి వచ్చే చల్లగాలి నేరుగా ప్రాసెసర్‌కు తగిలేలా భాగాలను మార్చింది. ఆలోచన మంచిదే. కానీ తక్కువ వేడెక్కే ప్రాసెసర్లు రాగానే దాన్ని పక్కన పెట్టేసింది. పాత కొలతలకు అలవాటుపడ్డ బజారు మారాలంటే అంతకన్నా గట్టి కారణం కావాలి.

ఆకారంతో నిజంగా సాహసం చేసింది ఆపిల్. 1980 నాటి ఆపిల్ త్రీలో ఫ్యాన్ వద్దని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. అందులో చిప్‌లు సాకెట్లలో వదులైతే, మెషీన్‌ను కొన్ని అంగుళాలు పైకెత్తి వదిలేయమని కంపెనీవాళ్లే సలహా ఇచ్చారు! 2000లో వచ్చిన పవర్ మ్యాక్ జీ4 క్యూబ్‌లోనూ ఫ్యాన్ లేదు. వేడిగాలి తనంతట తానే పైకి పోయేలా నడిమధ్య దారి వదిలారు. చూడముచ్చటగా ఉండేది, ధరే ఎక్కువ. ఏడాదికే ఆగిపోయింది. 2013 మ్యాక్ ప్రో మరీ చిత్రం: దాదాపు 25 సెంటీమీటర్ల ఎత్తున్న నల్లటి స్తంభం. లోపల మూడు పలకల లోహపు దిమ్మె, ఒక్కో పలకకు ఒక్కో చిప్, పైన ఒకే ఫ్యాన్. మూడు చిప్‌లూ సమానంగా వేడెక్కినంత కాలం బాగుంటుంది. ఒకే పెద్ద గ్రాఫిక్స్ చిప్ పెట్టాలంటే ఆ పలకకు మోయలేని భారం. ఆ అమరిక తమ చేతులు కట్టేసిందని 2017లో ఆపిల్ ఒప్పుకుంది. 2019లో ముందంతా రంధ్రాలున్న టవర్‌కే తిరిగొచ్చింది.

ఈ మధ్య ముందూ పక్కా అద్దాలతో మెరిసే క్యాబినెట్ల మోజు పెరిగింది. లోపలి దీపాలు కనిపిస్తాయి, నిజమే. కానీ అద్దంలోంచి గాలి దూరదు. పక్కనుంచో కిందినుంచో గాలికి సరిపడా దారి లేని మోడల్ అయితే ఆ డబ్బు దండగే అంటాను. జాలీ ముఖం ఉన్న మామూలు డబ్బా దానికన్నా నయం.

మన ఎండలకు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్యాన్ గదిలోని గాలినే విసురుతుంది, కొత్తగా చల్లదనాన్ని పుట్టించలేదు. గది 40 డిగ్రీలుంటే చిప్ అంతకన్నా చల్లబడదు. పైగా మన కంప్యూటర్ టేబుళ్లలో క్యాబినెట్ కోసం ఇచ్చే చెక్క అర చాలాసార్లు మూడు వైపులా మూసే ఉంటుంది. వెనకనుంచి పోయిన వేడిగాలి అందులోనే తిరిగి మళ్లీ ముందునుంచి లోపలికి వస్తుంది. కాబట్టి వేసవి ముదరకముందే క్యాబినెట్‌ను ఆ అరలోంచి బయటికి తీయండి, గోడకు జానెడు దూరం జరపండి, జాలీకి పట్టిన దుమ్ము దులపండి.