చిన్న ట్రైలరుకు పెద్ద చక్రాలు: ఇరుసు సంగతి



పవర్ టిల్లరు వెనుక, చిన్న ట్రాక్టరు వెనుక కట్టే ట్రైలరును మన వైపు ట్రక్కు అనీ, తొట్టి అనీ అంటారు. ఇవి చాలావరకు ఊరి వెల్డింగు షెడ్డులో తయారయినవే. పాత కారు చక్రాలు రెండు దొరుకుతాయి, వాటికి సరిపడా ఒక ఇరుసు అమరుస్తారు, బండి తయారు. రోడ్డు మీద బాగానే నడుస్తుంది. మాసూళ్ళ రోజుల్లో ఒక్క వాన పడిందంటే మాత్రం రేగడి డొంకలో దిగబడి కూర్చుంటుంది. బస్తాలన్నీ దింపి, ఖాళీ బండిని పైకి లాగి, మళ్ళీ ఎత్తించుకోవాలి. అప్పుడు రైతుకు పెద్ద చక్రాలు వేయిద్దామనే ఆలోచన వస్తుంది.

ఆలోచన మంచిదే. మన పెద్దలు ఎడ్లబండికి అంతెత్తు చక్రం పెట్టింది అందం కోసం కాదు గదా! చక్రం పెద్దదయితే గుంటలో తక్కువ దిగుతుంది, రాయి తగిలితే తేలికగా ఎక్కుతుంది. లెక్క కావాలంటే వినండి. పాత మారుతి 800 కారు చక్రం టైరుతో కలిపి సుమారు 20 అంగుళాల ఎత్తు. జీపుకు వేసే 6.00-16 టైరు సుమారు 29 అంగుళాలు. దారిలో 3 అంగుళాల రాయి అడ్డు వచ్చిందనుకుందాం. దాన్ని ఎక్కడానికి చిన్న చక్రానికి తన మీద ఉన్న బరువుతో దాదాపు సమానమయిన లాగుడు కావాలి. పెద్ద చక్రానికి అందులో ముప్పాతిక వంతు చాలును. టైరులో గాలి ఉన్నది కనుక రెండింటికీ కొంత తగ్గుతుంది గాని, తేడా ఆ తీరుగానే ఉంటుంది.

ఇంకొక సంగతి. టైరు పక్కన కొలతతో పాటు ఒక చిన్న అంకె వేసి ఉంటుంది. అది ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు. ఆ చిన్న కారు టైరు మీద 69 అని ఉంటుంది. 69 అంటే 325 కిలోలు. రెండు టైర్లకూ కలిపి 650. ట్రైలరు సొంత బరువే 300 కిలోలయితే మిగిలేది 350, అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగు. మనం ఎన్ని వేస్తున్నామో మనకు తెలుసు. కొన్ని టైర్ల మీద ఈ అంకె బదులు ఎన్ని కిలోలో నేరుగానే వేస్తారు. ఏదయినా సరే, కొనే ముందు చదవండి. చదవడం రాకపోతే బడికి వెళ్ళే పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్ళండి.

ఇక అసలు విషయానికి వద్దాము. చక్రాలకు డబ్బు పెట్టిన రైతు ఇరుసు దగ్గరకు వచ్చేసరికి, ఉన్నదే ఉంచుదాం, గట్టిగానే ఉంది కదా అంటాడు. చక్రం కంటికి కనబడుతుంది, ఇరుసు బండి కింద ఉంటుంది. బరువంతా మోసేది మాత్రం ఇరుసే.

ఇరుసు మీద పడే భారము బస్తాల లెక్క ఒక్కదానితో తేలదు. చక్రం నడుమ నుండి కమాను కట్ట నడుమ వరకు ఎంత దూరమున్నదో చూడవలెను. బండి బరువు కమానుల దగ్గర ఇరుసును కిందికి నొక్కుతుంది, నేల చక్రాల దగ్గర పైకి నెడుతుంది. ఈ రెండింటి మధ్య ఎడము ఎంత పెరిగితే ఇరుసు అంత ఎక్కువ వంగుతుంది. గడ్డపార చివర పట్టుకొని ఎత్తితే బరువు ఎలా తేలిక అవుతుందో, ఇక్కడ అదే సూత్రము మనకు ఎదురు పని చేస్తుంది.

పెద్ద చక్రం వేసినప్పుడు షెడ్డులో జరిగేది చూడండి. చక్రం పక్క చెక్కకు రాసుకుంటుంది. దాన్ని కొంచెం బయటికి జరుపుతారు. కమానులు మాత్రం పాత చోటనే ఉంటాయి. ఎడము 20 సెంటీమీటర్ల నుండి 30కి పోతుంది. ఒక్క బస్తా కూడా పెరగకుండానే ఇరుసు మీద వంపు భారము ఒకటిన్నర రెట్లయింది!

ట్రైలరు 375 కిలోలు, 15 బస్తాల ధాన్యం 1125 కిలోలు, మొత్తం 1500 అనుకుందాము. చక్రానికి 750 కిలోలు. టైరు మీద 98 అంకె ఉంటే సరిగ్గా అంత మోస్తుంది. గుంటలో పడినప్పుడు చక్రం మీద దెబ్బ రెండు మూడింతలు ఉంటుంది గనుక, ఇరుసుకు మూడింతలు లెక్క వేసుకోవడం మంచిది. మామూలు ఇనుప కడ్డీని నలుచదరంగా తీసుకుంటే, ఎడము 20 సెంటీమీటర్లున్నప్పుడు 40 మిల్లీమీటర్ల ఇరుసు ఆ దెబ్బకు వంగిపోతుంది, 50 మిల్లీమీటర్లది నిలుస్తుంది. ఎడము 30 అయితే ఆ 50 కూడా చాలదు, 60 కావలసి ఉంటుంది.

పది మిల్లీమీటర్లకే ఇంత తేడానా అంటారేమో. ఇరుసు బలము మందంతో పాటు సమానంగా పెరగదు. మందాన్ని మూడుసార్లు హెచ్చవేసిన లెక్కన పెరుగుతుంది. నాలుగు నాలుగులు, మళ్ళీ నాలుగుతో హెచ్చవేస్తే 64. అయిదుకు 125. ఆరుకు 216. కొంచెం ఎక్కువ ఇనుము కొంటే రెండింతలు బలము వస్తున్నది. రైతు పెట్టే ఖర్చుల్లో ఇంత లాభసాటి బేరము అరుదు.

డబ్బు ఖర్చు లేని ఉపాయం కూడా ఒకటి ఉన్నది. కమానులను కూడా చక్రాల వైపు బయటికి జరిపించండి. ఎడము తగ్గితే భారమూ తగ్గుతుంది. చట్రం కింద అడ్డదూలము ఉన్న చోటికి జరపాలి సుమా, ఉత్త రేకు మీద కాదు.

లేతు పట్టించేటప్పుడు దగ్గరుండి చూడండి. నలుచదరపు కడ్డీ చివరను బేరింగుల కోసం గుండ్రంగా చెక్కుతారు. ఆ రెండూ కలిసే మూలను కోసినట్టు పదునుగా ఉంచితే పగులు అక్కడే పుడుతుంది. మూల గుండ్రంగా తిరగాలని మేస్త్రీకి ముందే చెప్పండి. అదే విధంగా ఇరుసు అడుగు వైపున రంధ్రాలు వేయించరాదు, అడ్డంగా వెల్డింగు పెట్టించరాదు. బరువు పడినప్పుడు సాగేది అడుగు వైపే. కమానులను యూ బోల్టులతో బిగించడమే ఉత్తమము. పాత లారీ ఇరుసును నడుమ కోసి అతికే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అది గట్టి ఉక్కు, మామూలు వెల్డింగు పెడితే అతుకు పక్కన పెళుసు బారుతుంది. నన్ను అడిగితే వద్దనే అంటాను.

చక్రం 20 నుండి 29 అంగుళాలయితే బండి నాలుగున్నర అంగుళాలు పైకి లేస్తుంది. ట్రాక్టరు హుక్కు ఉన్న చోటనే ఉంటుంది కనుక ట్రైలరు ముందుకు వాలుతుంది. నొగను, అనగా హుక్కుకు తగిలించే ఇనుప దూలాన్ని, అంత మేర కిందికి దింపించాలి. లేదా కమాను కింద ఉన్న ఇరుసును కమాను పైకి మారిస్తే బండి మళ్ళీ కిందికి వస్తుంది. అయితే బరువు పడి కమాను అణగినప్పుడు ఇరుసు పైన చట్రానికి కొట్టుకోకుండా జాగా ఉండాలి. బరువులో పదో వంతు నుండి ఏడో వంతు వరకు నొగ మీద పడేటట్టు, ఇరుసు తొట్టి నడుముకు కొంచెం వెనుకగా ఉండవలెను. తోక బరువయిన బండి ట్రాక్టరు వెనుక చక్రాలను పైకి లేపి పట్టు తప్పిస్తుంది.

బ్రేకు ఉన్న ట్రైలరయితే ఇది గుర్తుంచుకోండి. అదే డ్రమ్ము, అదే తొక్కుడు, కాని చక్రం పెద్దదయిన కొద్దీ నేల దగ్గర పట్టు తగ్గుతుంది. పైన చెప్పిన కొలతల్లో సుమారు మూడింట రెండు వంతులే మిగులుతుంది. పెద్ద డ్రమ్ము వేయించాలి. ఎత్తు పెరిగిన బండి కాలువ గట్టు మీద తిరగబడడానికీ సులువే. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు ట్రైలరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు. తొట్టిలో ధాన్యం ఎక్కించండి, మనుషులను ఎక్కించకండి. రిజిస్టరయిన ట్రైలరు టైర్లు, ఇరుసు మార్చదలచితే ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకొండి. కాగితంలో ఉన్నదొకటి, బండికి ఉన్నదొకటి కాకూడదు.

చక్రాలు బిగించిన తరువాత బేరింగు నట్టును చక్రం తిప్పుతూ బిగించి, కొంచెం వదులు చేసి, సీల పెట్టించండి. ఒక గంట నడిపి హబ్బు మీద చెయ్యి పెట్టండి. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే బిగువు ఎక్కువయినట్టు. మొదటి లోడు దింపగానే చక్రం నట్లు మళ్ళీ ఒకసారి బిగించండి.

నెలకొకసారి రెండు టైర్ల నడుమ దూరాన్ని పైన ఒకసారి, కింద ఒకసారి తాడుతో కొలవండి. మొదటి రోజు కంటే పైన తగ్గి, కింద పెరిగితే ఇరుసు వంగుతున్నదన్న మాట. టైర్ల లోపలి అంచు కూడా ముందుగా అరుగుతుంది. పగులు అనుమానమయితే చక్రం విప్పి, మూల దగ్గర కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్ద పొడి అద్దండి. పగులు ఉంటే లోపల దిగిన కిరసనాయిలు ఊరి సుద్ద మీద నల్లని గీతగా కనబడుతుంది. ఆ గీత కనబడిన ఇరుసు మీద మరి ఒక్క బస్తా కూడా వేయకండి.