కాసెట్టులో దాగిన బాల్యము

నేటి పెద్దలలో ననేకులకు చిన్ననాటి కాసెట్టు యంత్రమును తలచినంతనే మనసు కరగును. మీట నొక్కి, తమ గొంతును తామే మొదటిసారి వినిన దినమును వారు మరువలేరు. అట్టి సామాన్యమైన కాసెట్టు మీదనే కదలు బొమ్మలనుగూడ పట్టిన యాటవస్తువొకటి యుండెను. 1987వ సంవత్సరమున అమెరికాలో ఫిషర్-ప్రైస్ వారు పి.ఎక్స్.ఎల్.-2000 అను నా కెమేరాను పిల్లలకై వెలువరించిరి.

ధ్వనికంటె చిత్రమునకు టేపుపై మిక్కిలి చోటు కావలెను. కావున నందు టేపు మామూలుకంటె సుమారు 9 రెట్లు వేగముగా పరుగెత్తును. 90 నిమిషముల కాసెట్టు 10, 11 నిమిషములలోనే ముగియును. చిత్రమో, నలుపు తెలుపుల మసక. ఆ కెమేరా యంగళ్లలో నెక్కువకాలము నిలువలేదు. అయినను సేడీ బెన్నింగ్ కౌమారమున, తండ్రి యిచ్చిన యా బొమ్మతోనే తన గదిలో చిన్న చిత్రములు తీసి, కళాలోకమున పేరుగాంచిరి. సాధనము చిన్నదైనను, చూచు కన్ను చిన్నది కాదు.

ఆ కాసెట్టులకును మన యిండ్లలోని వానికిని నొక్కటే గతి: టేపు మీది అయస్కాంతపు పూత కాలక్రమమున క్షీణించును. మా తండ్రిగారి కుటుంబ ప్రార్థన గల కాసెట్టును మేమిట్లే, రేపు చూతమనుచు, పోగొట్టుకొంటిమి. యంత్రము మరల దొరకవచ్చును. ఆ గొంతు దొరకదు. విద్యార్థులారా, మీ యింట పాత కాసెట్టులున్నచో నేడే కంప్యూటరులోనికి నకలు తీయించుడు.