పాతకారు నకలు కొనబోయేముందు

వెనుకటి ఇంగ్లీషు స్పోర్ట్సు కారును అచ్చుగుద్దినట్టు చేసి అమ్ముతున్నారంటే మన పిల్లలకు మనసు లాగడం సహజమే. తండ్రిగారి ప్రావిడెంటు ఫండు మీద చెయ్యి పడకముందే బండి రిజిస్ట్రేషను కాగితం అడిగి చూడాలి. అందులోని పేరు, బాడీ రకం, ఛాసిస్ నంబరు ఎదుటనున్న బండితో సరిపోవాలి గదా!

ఇటువంటి బండి అడుగున పాత జీపు ఉండవచ్చు, మన మద్రాసులో 1961 మొదలు తయారైన స్టాండర్డ్ హెరాల్డూ ఉండవచ్చు. హెరాల్డుకు ఛాసిస్ విడిగా ఉంటుంది కనుక పై బాడీ మార్చడం సులువు. ఇంగ్లండులో ట్రయంఫ్ వారే ఆ ఛాసిస్‌ను పొట్టిచేసి 1962లో స్పిట్‌ఫైర్ కారు తెచ్చారు. కంపెనీ పని వేరు, షెడ్డు పని వేరు సుమా.

కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. రంగు మార్చడం వంటి చిన్నవాటికి పట్టింపు లేదు. పాతబండ్లకు 2021లో ఏర్పరచిన ‘వి.ఎ.’ నంబరు యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్నవాటికే. అమ్మేవారు ఏమి చెప్పినా నకలుకు అది రాదు. షోళింగనల్లూరులోనే ఆర్.టి.ఓ. ఆఫీసు ఉంది, ఒకపూట సెలవుపెట్టి అడిగిరండి.

కాగితాలు కుదిరితే వంగి అడుగుభాగం చూడండి. ఫైబరు బాడీకి తుప్పు పట్టదు గాని, మన సముద్రపుగాలికి కిందనున్న ఇనుముకు పడుతుంది. వెల్డింగు అతుకుల మీద కొత్తగా నల్లరంగు పూసి ఉంటే కాస్త గీకి చూస్తామనండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.