వినడానికి ఏ ఫైలు? దాచడానికి ఏ ఫైలు?

నాలుగు నిమిషాల పాట ఒకటి ఉందనుకుందాం. ఒక రకం ఫైలులో అది 42 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. మరో రకంలో 4 మెగాబైట్ల లోపే ఇమిడిపోతుంది. రెండూ వింటే చాలామందికి తేడా తెలియదు. మరి మిగిలిన 38 మెగాబైట్లలో ఉన్నదేమిటి? దాన్ని పారవేయవచ్చా? పాటలు వినేవారికే కాదు, ఇంట్లో తాతగారి హరికథో, అమ్మమ్మ పాడిన మంగళహారతో పాత క్యాసెట్టులో ఉన్నవారికి కూడా ఈ ప్రశ్న ముఖ్యమైనదే.

శబ్దం గాలిలో ప్రయాణించే పీడన తరంగమని చదువుకున్నాం. కంప్యూటరుకు అంకెలు తప్ప మరేమీ అర్థం కావు. కాబట్టి తరంగం ఎత్తును క్షణక్షణానికీ కొలిచి, ఆ కొలతలను వరుసగా రాసిపెడతారు. ఒక్కో కొలతను నమూనా అంటారు. కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 నమూనాలుంటాయి. ఇన్ని ఎందుకు? తరంగాన్ని తిరిగి నిర్మించాలంటే, దానిలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలవాలి. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల వరకే వినగలదు. దానికి రెట్టింపు 40,000. పైన కొంత వెసులుబాటు. నమూనాకు 16 బిట్ల చొప్పున, కుడి ఎడమలకు రెండు వరుసలు వేస్తే సెకనుకు 14,11,200 బిట్లవుతాయి. వీటిని ఉన్నవున్నట్లుగా దాచేదే వేవ్ ఫైలు.

2001లో వెలువడిన ఫ్లాక్ ఇవే అంకెలను పొదుపుగా రాస్తుంది. గడిచిన నమూనాలను బట్టి రాబోయేదాన్ని అంచనా వేసి, అంచనాకూ అసలుకూ ఉన్న తేడాను మాత్రమే నమోదు చేస్తుంది. తేడాలు చిన్న అంకెలు గనుక తక్కువ బిట్లు చాలు. తిరిగి విప్పితే ఒక్క బిట్టు కూడా పోదు. పరిమాణం మాత్రం చాలా పాటలకు సగానికి కాస్త అటూ ఇటూగా తగ్గుతుంది. పాత టేపులోని 'సుయ్'మనే రొదకు క్రమం ఉండదు, అంచనాకు అందదు. అందువల్ల అలాంటి రికార్డింగులకు ఇంత పొదుపు దొరకదు.

ఎం.పి.3 దారి వేరు. 1993లో అంతర్జాతీయ ప్రమాణంగా ప్రచురితమైన ఈ పద్ధతి రూపకల్పనలో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థకు, అక్కడి కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్‌కు పెద్ద పాత్ర ఉంది. ఇది మన చెవి బలహీనతను వాడుకుంటుంది. పెళ్ళిపందిరిలో డోలు మోగుతుంటే పక్కవారి మాట వినపడదు కదా! బలమైన శబ్దం తనకు దగ్గరి పౌనఃపున్యాలలోని మెల్లని శబ్దాలను మరుగుపరుస్తుంది. అంతేకాదు, అది ఆగిన తరువాత కూడా కాసేపు చెవి మందగిస్తుంది. ఎలాగూ వినపడని వాటికి బిట్లు ఖర్చుచేయడం దండగ అనేదే ఎం.పి.3 సూత్రం. సెకనుకు 128 కిలోబిట్ల వద్ద పాట పదకొండో వంతుకు కుదించుకుపోయేది ఇలాగే.

అయితే మరుగుపరిచే శబ్దమే లేకపోతే? బ్రాండెన్‌బర్గ్‌కు ఈ చిక్కు సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' పాటతో ఎదురైంది. అందులో వాద్యాలు లేవు, ఒంటరి గొంతు మాత్రమే. తొలి ప్రయత్నాలలో అది వినసొంపుగా రాలేదు. పద్ధతిని మెరుగుపరచడానికి ఆ పాటను మళ్ళీ మళ్ళీ వాడారు. మృదంగం, కంజీర వంటి వాటితో మరో చిక్కు. ఎం.పి.3 శబ్దాన్ని చిన్న ముక్కలుగా విడదీసి లెక్క కడుతుంది. ముక్క మధ్యలో దెబ్బ పడితే, లెక్కలోని తేడా ముక్కంతా పరచుకుని, దెబ్బకు ముందే సన్నని రొదగా వినిపించవచ్చు. బిట్లు తగ్గేకొద్దీ ఇది పెరుగుతుంది. అమ్మమ్మ పాట పక్కవాద్యం లేనిదే కదా. కుదింపు లోపాలు దాగడానికి అందులో చాటు తక్కువ.

పోయినది తిరిగి రాదు. ఎం.పి.3ని వేవ్‌గా మారిస్తే ఫైలు పెరుగుతుంది, నాణ్యత పెరగదు. పాలలో నీళ్ళు పోసినట్టే. ఎం.పి.3 నుంచి మళ్ళీ ఎం.పి.3 చేస్తే మరికొంత పోతుంది.

కాబట్టి వినడానికి 192 నుంచి 256 కిలోబిట్ల ఎం.పి.3 చాలామందికి సరిపోతుంది. దాని తరువాత వచ్చిన ఎ.ఎ.సి. ఇంకా తక్కువ బిట్లతో అదే పని చేస్తుంది. 2012 నాటి ఓపస్‌తో పాఠాలు, ప్రసంగాలు 32 కిలోబిట్లకే స్పష్టంగా వినవచ్చు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడేవారు ఫ్లాక్ కోసం పాకులాడనక్కరలేదు. సాధారణంగా ఫోను దాన్ని గాలిలోకి పంపేముందు మరోసారి కుదిస్తుంది. 24 బిట్లు, 1,92,000 నమూనాలంటూ ఎక్కువ ధరకు అమ్మే పాటల గురించి కూడా నాకంత ఉత్సాహం లేదు. రికార్డు చేసేటప్పుడు 24 బిట్లు మేలే, శబ్దస్థాయి కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. వినే చెవికి మాత్రం 16 చాలు.

దాచడానికైతే వేవ్ లేదా ఫ్లాక్ తప్ప మరొకటి వద్దు. టేపు ఏటేటా పాడవుతుంది, ఆడించే యంత్రాలూ అరుదవుతున్నాయి. రెండోసారి అవకాశం దొరకకపోవచ్చు. ముందు నష్టం లేని ప్రతి తీసి, రెండు వేర్వేరు చోట్ల దాచి, బంధువులకు పంపే ఎం.పి.3లను దాని నుంచే తయారుచేయాలి. ఇంట్లో ఒకే మైకుతో చేసిన రికార్డింగుకు ఒక వరుస చాలు గనుక, గంట క్యాసెట్టు కుదించకపోయినా సుమారు 318 మెగాబైట్లే. 64 గిగాబైట్ల మెమరీ కార్డులో అలాంటివి రెండువందలు పడతాయి.