'ఇండియా మెంబరు' హెన్రీ ఫాసెట్

1867వ సంవత్సరము జూలై నెలలో టర్కీ సుల్తాను అబ్దుల్ అజీజ్ లండను నగరమునకు విచ్చేసెను. ఆయన గౌరవార్థము ఇండియా ఆఫీసు నూతన భవనములో నాట్యోత్సవము ఘనముగా జరిగెను. అతిథి టర్కీ ప్రభువు; ఆహ్వానించినది బ్రిటిషు ప్రభుత్వము; ఖర్చు మాత్రము ఇండియా ఆదాయపు పద్దులో వ్రాయబడెను. అంతకు ముందటి యేడే ఒరిస్సాలో లక్షలమంది కరవువాత పడిరి. గంజాము జిల్లాను కూడ ఆ కరవు వదలలేదు.

ఈ పద్దును గూర్చి కామన్సు సభలో లేచి ప్రశ్నించిన సభ్యునికి రెండు కన్నులును కనబడవు. ఆయన పేరు హెన్రీ ఫాసెట్. నేడు మనలో చాలమంది ఈ పేరు విని యుండరు. ఒకప్పుడు మాత్రము లండనులో ఆయనను 'ఇండియా మెంబరు' అని పిలుచుచుండిరి. ఆయన ఇండియాకు ఎన్నడును రాలేదు; ఇచ్చట ఆయనకు ఓటు వేయగలవాడు ఒక్కడును లేడు.

ఫాసెట్ 1833 ఆగస్టు 26వ తేదీన సాల్స్‌బరీ పట్టణములో జన్మించెను. తండ్రి మొదట బట్టల వర్తకుడు, పిమ్మట వ్యవసాయదారు. కుమారుడు కేంబ్రిడ్జిలో గణితశాస్త్రము చదివి, 1856లో ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణుడై, న్యాయవాదవృత్తి ద్వారా పార్లమెంటునకు చేరవలెనని తలచుచుండెను. 1858 సెప్టెంబరు 17వ తేదీన తండ్రీ కొడుకులు పక్షుల వేటకు పోయిరి. తండ్రి తుపాకి ప్రేల్చగా రెండు రవలు దారి తప్పి కుమారుని రెండు కన్నులలోను దూరెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదేండ్లు. తండ్రి దుఃఖమునకు మేర లేదు. కొడుకు మాత్రము, ఇంతకు ముందు తానేమి చేయదలచెనో అదియే చేయుదునని కొలది నిమిషములలోనే నిశ్చయించుకొనెనట. అది ఉత్తమాట కాలేదు. నడక, గుఱ్ఱపుస్వారి, చేపల వేట, శీతకాలమున గడ్డకట్టిన నదులపై మైళ్లకొలది జారుట — వీనిలో దేనిని ఆయన మానలేదు.

1863లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనను అర్థశాస్త్రాచార్యునిగా ఎన్నుకొనెను. పార్లమెంటు కొఱకు పలుమార్లు నిలిచి ఓడి, తుదకు 1865లో బ్రైటను నియోజకవర్గమునుండి గెలిచెను. 1867లో మిల్లిసెంట్ గారెట్ అను యువతిని వివాహమాడెను. ఆమె ఆయనకు పత్రికలు, నివేదికలు చదివి వినిపించుచు, ఆయన చెప్పినది వ్రాయుచు సగము కార్యదర్శి పని చేసెడిది. స్త్రీలకు ఓటుహక్కు కావలెనను ఉద్యమమునకు తరువాత నాయకురాలైన మిల్లిసెంట్ ఫాసెట్ ఈమెయే. 2018లో లండను పార్లమెంటు చౌకులో ఆమె విగ్రహము నెలకొల్పబడెను.

ఇక ఇండియా లెక్కల సంగతి. 1858లో కంపెనీ పాలన పోయి రాణీ పాలన వచ్చినపుడు, ఇండియా వ్యవహారములకై లండనులో ఒక మంత్రియు, ఆయనకు ఒక కౌన్సిలును ఏర్పడినవి. ఆ మంత్రి జీతము మొదలుకొని ఆ కచేరి ఖర్చు సమస్తము మన దేశపు ఆదాయము నుండియే చెల్లుచుండెను. ఇతర వలసరాజ్యములను చూచు మంత్రికి మాత్రము బ్రిటిషు ఖజానా జీతమిచ్చెడిది! ఇండియా మంత్రి జీతము బ్రిటిషు ఖజానాపై పడుటకు 1919వ సంవత్సరపు చట్టము రావలసి వచ్చెను. పోనీ, ఈ లెక్కలను సభ శ్రద్ధగా పరిశీలించెడిదా అందుమా, అదియును లేదు. ఇండియా బడ్జెటు సమావేశముల చివరి రోజులలో, సభ్యులు సెలవులకు ప్రయాణమగుచుండగా, ఖాళీ బల్లల యెదుట చదువబడుచుండెను.

ఆ ఖాళీ బల్లల నడుమ ఫాసెట్ కూర్చుండి వినెడివాడు. చెవితో విని గ్రహించుట రేడియో శ్రోతలకు క్రొత్త గాదు. కాని అంకెలను విని జ్ఞాపకముంచుకొనుట ఎంత కష్టమో బజారు ధరల ప్రకటన వినువారికి తెలియును. ఫాసెట్ ఇండియా పద్దుల పుస్తకములను ఇంటివద్ద చదివించుకొని, చేత చీటియైనను లేకుండ సభలో గంటకు పైగా లెక్కలు చెప్పగలవాడు. ఆయన అడిగిన ప్రశ్న ఎప్పుడును ఒక్కటే: ఈ ఖర్చువలన లాభము ఎవరికి, భారము ఎవరిపైన?

అబిసీనియా దండయాత్రకు పోయిన భారత సేనల జీతములు ఇండియాయే ఇచ్చుకొనవలెనని 1867లో ప్రభుత్వము నిర్ణయించినపుడు ఆయన వ్యతిరేకించెను. రాజకుమారులు ఇండియా చూడ వచ్చినపుడు ఇచ్చు బహుమతుల వెల ఇండియాపై వేయుటను ఆక్షేపించెను. రాచకుటుంబము పేరెత్తి ఇట్లు మాటాడుట ఆనాడు సామాన్యవిషయము కాదు. ఆయన వెంట ఓటు వేసినవారు కొలదిమంది. ఇండియా ఆర్థికస్థితిని విచారించుటకు 1871 మొదలు 1874 వఱకు ఒక పార్లమెంటు సంఘము పనిచేసెను. అందులో సభ్యుడుగా ఆయన పెద్ద పెద్ద ఉద్యోగులను నిలదీసి ప్రశ్నించెను. 1873లో ఆ సంఘము యెదుటకు దాదాభాయి నౌరోజీ వచ్చి, ఇండియా దారిద్ర్యమును గూర్చి తన లెక్కలు చూపెను.

1874లో ఫాసెట్ బ్రైటనులో ఓడిపోయెను. ఆ వార్త ఇండియాకు చేరగా ఇచ్చట కొందరు చందాలు ప్రోగుచేసి ఆయన ఎన్నికల ఖర్చులకు పంపిరి. ఆ సంవత్సరమే హాక్నీ నియోజకవర్గము ఆయనను మరల సభకు పంపెను. ఓటు లేనివారు తమకు దక్కిన రీతిని ఒక సభ్యుని నిలుపుకొనిరనుట తప్పు కాదని మా అభిప్రాయము.

తరువాతి ఘట్టము మన ప్రాంతమునకు మఱింత దగ్గఱిది. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కరవు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను పీడించెను. ఇక ముందు కరవులు వచ్చినపుడు ఉపయోగపడునని చెప్పి లిట్టన్ ప్రభుత్వము 1878లో క్రొత్త పన్నులు విధించెను. ఆ యేడే ఆఫ్ఘన్ యుద్ధము మొదలయ్యెను. కరవు నిధి యుద్ధపు ఖర్చులో కలిసిపోయెను. ఫాసెట్ సభలోను, పత్రికలలోను ఈ మాట దాచక చెప్పెను. 1880లో అధికారమునకు వచ్చిన గ్లాడ్‌స్టన్ ప్రభుత్వము ఆ యుద్ధపు ఖర్చులో కొంతభాగము బ్రిటన్ భరించుటకు అంగీకరించెను.

ఆ ప్రభుత్వములోనే ఫాసెట్ పోస్టుమాస్టరు జనరల్ అయ్యెను. కాబినెట్‌లో చోటు మాత్రము దొరకలేదు. పెన్నీ స్టాంపులు పండ్రెండు కాగితముపై అతికించి తెచ్చినచో ఒక షిల్లింగుగా జమకట్టుకొను పొదుపు పద్ధతిని ఆయన ప్రవేశపెట్టెను. పోస్టలార్డర్లు 1881లోను, పార్సిలు తపాలా 1883 ఆగస్టు 1వ తేదీనను ఆయన హయాములోనే ప్రారంభమైనవి. తపాలా శాఖలో స్త్రీలకు ఉద్యోగములను విస్తరింపజేసెను. అయితే ప్రభుత్వములో చేరినవాడు ఆ ప్రభుత్వపు ఇండియా లెక్కలను మునుపటివలె ఖండించుట సాధ్యము కాదు. ఈ నాలుగేండ్లు ఇండియాకు ఆయన గొంతు చాలవఱకు లేకుండ పోయెను.

బ్రిటిషు పాలన తొలగవలెనని ఆయన ఎన్నడును అనలేదు. కర్మాగారములలో స్త్రీల పనిగంటలను చట్టముచే తగ్గించుటను సైతము ఆయన ఎదిరించెను; స్త్రీలు తమ మేలు తామే నిర్ణయించుకొనవలెనని ఆయన వాదము. ఈ వాదము మాకు సమ్మతము కాదు. గ్రామముల ఉమ్మడి బీళ్లను భూస్వాములు కలుపుకొనకుండ ఆయన చేసిన పోరాటము మాత్రము లండను పేదలు నేటికిని అనుభవించుచున్న మేలు. ఎప్పింగు అడవి ప్రజలకు మిగిలినది అట్టివారి కృషివలననే.

1884 నవంబరు 6వ తేదీన, ఏబదియొక్క యేండ్ల వయస్సున, కేంబ్రిడ్జిలో ఊపిరితిత్తుల జబ్బుచే ఆయన మరణించెను. సమీపమున ట్రంపింగ్టన్ గ్రామములో సమాధి చేసిరి. నాడు తుపాకి ప్రేల్చిన తండ్రి అప్పటికి ఇంకను జీవించియే యుండెను.